సందులో చెత్తకు ఎనిమిది కెమెరాలు అక్కర్లేదు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డుకు వెళ్లే దారిలో మా నాన్నగారు కట్టించిన చిన్న కాంప్లెక్సు ఉంది. ముందు ఆరు షాపులు, వెనక ఒక గోడౌను. పక్కన మాదే పది సెంట్ల ఖాళీ స్థలం, కాస్త పల్లంగా ఉంటుంది. నాన్నగారు పోయాక అద్దెలు, మరమ్మతులు అన్నీ నేనే చూసుకుంటున్నాను. రెండేళ్లుగా ఆ ఖాళీ స్థలంలోనూ, దానికీ కాంప్లెక్సుకీ మధ్య ఉన్న సందులోనూ రాత్రిపూట ఎవరెవరో చెత్త పోసి పోతున్నారు. హోటళ్ల ఎంగిలి ఆకులు, చికెన్ షాపుల సంచులు, సీజన్‌లో మిర్చి తొడిమల బస్తాలు, ఈమధ్య ఇళ్లు పగలగొట్టిన ఇటుక ముక్కలు, మట్టి కూడా. వాటి కోసం కుక్కలు, పందులు. మొన్న మా వాచ్‌మన్ విసుగెత్తి కుప్పకు నిప్పు పెడితే తొడిమల ఘాటుకు వీధంతా దగ్గింది, అందరూ మా మీదే విరుచుకుపడ్డారు. కార్పొరేషన్ వాళ్లను అడిగితే స్థలం మీది కాబట్టి మీరే శుభ్రం చేయించుకోవాలన్నారు. మెడికల్ షాపు అతను ఖాళీ చేస్తానంటున్నాడు. కెమెరాలు బిగించే అతను వచ్చి చూసి, ఎనిమిది పెడితే ఈగ కూడా వాలదని చెప్పి 68 వేలకు కొటేషన్ ఇచ్చాడు. పెట్టించమంటారా? దొరికినవాళ్ల వీడియో వాట్సాప్ గ్రూపులో పెడితే బుద్ధొస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. అలా చేయొచ్చా? పోలీసులకు ఇస్తే పట్టించుకుంటారా? ఈ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు.

— ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, కెమెరాలు పెట్టించండి. ఆ కొటేషన్‌కు మాత్రం ఒప్పుకోకండి. మీరు చెప్పిన స్థలానికి మూడు కెమెరాలు సరైన చోట పెడితే చాలు. మిగిలే డబ్బుకు వేరే పని ఉంది. ఇక ఈగల సంగతంటారా, ఎంగిలి ఆకులు ఉన్నంతకాలం వాటికి కెమెరాలతో పనేముంది? వాలుతూనే ఉంటాయి.

కెమెరా దానంతటది చెత్తను ఆపదు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏ బండి మీద తెచ్చి పోశారో చెబుతుంది, అంతే. అది తెలిశాక మీరు వెళ్లి అడుగుతారా లేదా అన్నదాన్ని బట్టే చెత్త ఆగడం, ఆగకపోవడం. చాలామంది కెమెరా బిగించిన రోజుతో పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లు పోసేవాళ్లకు భయం ఉంటుంది. ఎవరినీ ఎవరూ ఏమీ అడగలేదని తెలిసిపోగానే మళ్లీ సంచులు పడతాయి. అందుకే కెమెరా కొనే ముందు రెండు పనులు, కొన్న తర్వాత రెండు పనులు మీ చేతిలో ఉన్నాయి. ముందువాటితో మొదలుపెడదాం.

మొదటి పని, పోసేవాళ్లు ఎవరో తేల్చుకోవడం. మీ ఉత్తరంలోనే సగం ఆచూకీ ఉంది. నాలుగు రకాల చెత్త అని రాశారు. అంటే కనీసం నాలుగు రకాల మనుషులు వచ్చి పోస్తున్నారు. వాళ్లు వచ్చే వేళ వేరు, బండి వేరు, ఆపే పద్ధతి కూడా వేరు.

ఎంగిలి ఆకులు, పార్సిల్ కవర్లు చాలా దూరం నుంచి రావు. రాత్రి పదకొండింటికి షట్టర్ దించే హోటల్ వాడికి చెత్త బండి వచ్చేది పొద్దున. ఆ మధ్యలో తడి చెత్త ఎక్కడ ఉంచాలి? లోపల ఉంచితే వాసన, ఎలుకలు. పని కుర్రాడి చేతికి సంచి ఇచ్చి పారేసి రమ్మంటారు, ఎక్కడ పారేయాలో చెప్పరు. వాడు చీకటిగా ఉన్న సందు చూసుకుంటాడు. మీ ఆరు షాపుల్లో టిఫిన్ సెంటరో, కర్రీ పాయింటో ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే మాత్రం విచారణ అక్కడి నుంచే మొదలుపెట్టండి. బయటివాళ్లను పట్టుకోవాలని కెమెరా పెడితే మొదటి వారం అందులో కనిపించేది సొంత అద్దెదారు పనివాడే అయితే అప్పుడు మొహమాటం ఎక్కువవుతుంది. ముందే పిలిచి మాట్లాడితే గౌరవంగా తేలిపోతుంది. సందు వైపు కాకుండా కాంప్లెక్సు లోపలే మూత ఉన్న పెద్ద డబ్బాలు, తడికి ఒకటి, పొడికి ఒకటి పెట్టించి, పొద్దున బండికి అప్పగించే బాధ్యత షాపుల వాళ్లలో ఎవరిదో రాతపూర్వకంగా తేల్చండి. అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఆ షరతు చేర్చండి.

మిర్చి తొడిమలు కూడా అంతే. మీ గోడౌను ఎవరికి ఇచ్చారు? మిర్చి వాళ్లకే అయితే, తొడిమలు తీసే కూలీలు అక్కడ పనిచేస్తుంటే, ఆ బస్తాలు ఎటు పోతున్నాయో ఒకసారి కనుక్కోండి. యార్డు చుట్టుపక్కల తొడిమ తీసే షెడ్లకు సీజన్‌లో ఇది పెద్ద తలనొప్పి. బస్తా మీద వేసిన గుర్తులు, కుట్టిన దారం రంగు చూస్తే ఏ కొట్టుదో మిర్చి పని తెలిసినవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. దానికి కెమెరా కూడా అక్కర్లేదు.

చికెన్ షాపుల సంచులు ఎక్కువగా టీవీఎస్ ఎక్సెల్ ముందు భాగంలో పెట్టుకుని తెస్తారు. బండి ఆపకుండానే కాలితో నెట్టేసి పోతారు. ఆదివారం అమ్మకం ఎక్కువ కాబట్టి ఆదివారం రాత్రి, సోమవారం తెల్లవారుజాము మీద కన్నేయండి.

ఇటుక ముక్కలు, మట్టి సంగతి పూర్తిగా వేరు. అది ట్రాక్టరు పని. పాత ఇల్లు పగలగొట్టించే ఆసామి ట్రిప్పుకు ఇంత అని మాట్లాడుకుంటాడు. డ్రైవరు ఎంత దగ్గర్లో పోస్తే అతనికి అంత డీజిల్ మిగులుతుంది. పైగా మీ స్థలం పల్లంగా ఉందన్నారు. మన ఊళ్లలో పల్లం స్థలాలకు మెరక తోలించుకోవడం మామూలే కాబట్టి, మీ స్థలానికీ మెరక కావాలేమో అని అతను తనకు తాను సమాధానం చెప్పుకుంటాడు. ఎవరైనా అడిగినా ఆ మాటే అంటాడు. కాబట్టి అక్కడ "ఈ స్థలంలో మట్టి, ఇటుక ముక్కలు పోయరాదు" అని స్పష్టంగా బోర్డు ఉండాలి. మీకు నిజంగానే మెరక కావాలంటే తెలిసిన ట్రాక్టరు అతనితో మీరే మాట్లాడి, పగటిపూట, మంచి మట్టి మాత్రమే తోలించుకోండి. స్థలం రోడ్డుకు సమంగా వచ్చేసరికి పోసేవాళ్లకు సగం ఆశ చస్తుంది.

ఒక వారం రోజులు పొద్దున్నే వాచ్‌మన్ చేత కుప్ప ఫొటో ఒకటి ఫోన్‌లో తీయించండి. ఏ రోజు ఏది కొత్తగా పడిందో తెలుస్తుంది. సంచుల్లో బిల్లులు, కొరియర్ కవర్లు, మందుల చీటీలు ఉంటే గ్లవ్స్ వేసుకుని వాటినీ ఫొటో తీయమనండి. షాపు పేరు అచ్చయిన బిల్లు ఒక్కటి దొరికితే చాలు, దాన్ని కాదనడం కష్టం.

రెండో పని, ఉన్న కుప్పను ఎత్తించేయడం. కెమెరా బిగించక ముందే. చెత్త ఉన్న చోటే చెత్త పడుతుంది. కొత్తగా సంచి తెచ్చినవాడికి అక్కడ ఇరవై సంచులు కనిపిస్తే, తనది ఇరవై ఒకటోది, అంతే. నేల ఖాళీగా, ఊడ్చినట్టు ఉంటే మొదటి సంచి తానే వేయాలి. ఆ మొదటి సంచి వేయడానికి చాలామందికి చేయి రాదు. ఎత్తించిన వెంటనే ఖాళీ స్థలం ముందు రాతి స్తంభాలు పాతించి ముళ్లకంచె వేయండి, ట్రాక్టరు దూరే సందు లేకుండా. అవసరానికి తెరుచుకోవడానికి గొలుసు, తాళంతో ఒక గేటు చాలు. సందుకు గేటు పెట్టించే ముందు మాత్రం దస్తావేజులో హద్దులు చూసుకోండి. ఆ సందు మీ సొంతమా, లే అవుట్‌లో దారిగా వదిలినదా అన్నది ముఖ్యం. దారి అయితే గేటు పెట్టకూడదు, కానీ అప్పుడు దాన్ని శుభ్రంగా ఉంచే బాధ్యత కార్పొరేషన్‌ది అవుతుంది. వాళ్లు మీతో అన్న మాట మీ పది సెంట్ల వరకు సరే. సందు విషయంలో సరి కాకపోవచ్చు.

తర్వాత లైటు. సందులో చీకటి ఉన్నంతకాలం ఏ కెమెరా అయినా సగం గుడ్డిదే. మనిషి కదలగానే వెలిగే సెన్సర్ ఉన్న ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు రెండు చోట్ల పెట్టించండి. చీకట్లో సంచి పట్టుకుని వచ్చినవాడి మీద హఠాత్తుగా వెలుగు పడితే గుండె ఝల్లుమంటుంది. నన్నడిగితే మొత్తం ఖర్చులో చవకైనదీ, పనికొచ్చేదీ ఇదే.

ఇప్పుడు కెమెరాల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. ఎనిమిది ఎందుకు వద్దంటున్నానో ఈ లెక్కలోనే ఉంది.

మామూలుగా బిగించేసి పోయేది 2.8 మిల్లీమీటర్ల లెన్సు కెమెరా. అది దాదాపు వంద డిగ్రీల వెడల్పు చూస్తుంది. ఫోన్‌లో చూస్తే స్థలమంతా కనబడి మనసు నిండిపోతుంది. కానీ పది మీటర్ల దూరంలో ఆ వంద డిగ్రీలంటే సుమారు 24 మీటర్ల వెడల్పు. రెండు మెగాపిక్సెల్ కెమెరాలో బొమ్మకు అడ్డంగా ఉండేది 1920 చుక్కలే (పిక్సెళ్లు). వాటిని 24 మీటర్లకు పంచితే మీటరుకు 80 వస్తాయి. స్కూటర్ వెనక నంబరు ప్లేటు వెడల్పు 20 సెంటీమీటర్లు. దాని వాటాకు వచ్చేది 16 చుక్కలు. పదహారు చుక్కల్లో నంబరు ఎవరూ చదవలేరు. సినిమాల్లో చూపించినట్టు తర్వాత జూమ్ చేస్తే తేటపడదు, చుక్కలు పెద్దవవుతాయి, అంతే. అదే చోట 12 మిల్లీమీటర్ల లెన్సు పెడితే పది మీటర్ల దగ్గర నాలుగున్నర మీటర్ల వెడల్పే చూస్తుంది, కానీ ఆ ప్లేటుకు 85 చుక్కలు దక్కుతాయి. నంబరు చదవొచ్చు. మొహం విషయం కూడా ఇంతే. ముక్కూ మొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 250 చుక్కలు ఉండాలని నిఘా కెమెరాల ప్రమాణాల్లో చెబుతారు. వెడల్పాటి లెన్సులవి ఎనిమిది పెట్టినా ఎనిమిది కోణాల నుంచి గుర్తుపట్టలేని మనిషే కనిపిస్తాడు.

కాబట్టి మీకు కావలసింది ఇరుకు చూపు కెమెరాలు రెండు. ఒకటి సందు మొదట్లో, లోపలికి వచ్చే ప్రతి బండీ, మనిషీ తప్పనిసరిగా దాటే చోటికి గురిపెట్టి. రెండోది ఖాళీ స్థలం వైపు, ట్రాక్టరు రోడ్డు దిగే చోటికి. మూడోది మాత్రం వెడల్పు లెన్సుది, పైన పన్నెండు అడుగుల ఎత్తులో, మొత్తం జరిగినదంతా ఒకే చూపులో పడేలా. ఇరుకు చూపు వాటిని అంత ఎత్తులో పెట్టకూడదు. పైనుంచి చూస్తే తలపాగాలు, టోపీలు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. ప్లేటు కూడా పక్కకు వాలినట్టు పడి అక్షరాలు కలిసిపోతాయి. ఎనిమిది, తొమ్మిది అడుగులు చాలు. ఎవరైనా ఒకదాన్ని విరగ్గొట్టడానికి వస్తే ఇంకొకదాని కంట పడేలా చూసుకోండి. కరెంటు స్తంభానికి ఏదీ కట్టొద్దు. మీ గోడకో, మీరు పాతించిన గొట్టానికో బిగించండి.

ట్రాక్టరు గురించి ఒక మాట. చాలా ట్రక్కులకు, అంటే వెనక తొట్టికి, నంబరు ఉండదు. ఉన్నా మట్టి కప్పేసి ఉంటుంది. కెమెరా వెనక నుంచి చూస్తుంటే వీడియో అంతా తిరగేసిన తొట్టే. ఇంజను ముందు నంబరు పడాలంటే అది స్థలంలోకి తిరిగే చోట ఎదురుగా కెమెరా ఉండాలి. నంబరు దొరక్కపోయినా నిరాశపడకండి. మన ట్రాక్టర్లు, ఆటోలు, ట్రాలీ ఆటోల మీద పిల్లల పేర్లు, దేవుడి పేరు, అభిమాన హీరో బొమ్మ, ఊరి పేరు ఏదో ఒకటి పెద్ద అక్షరాలతో ఉంటుంది. నంబరు కంటే దాన్ని గుర్తుపట్టేవాళ్లే వీధిలో ఎక్కువ. పైగా 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక, కొత్త బండ్ల నంబరు మొదట్లో చూసి గుంటూరు బండో కాదో చెప్పే వీలు కూడా పోయింది.

రాత్రి సమస్య ఇంకొకటి ఉంది. ఇప్పటి నంబరు ప్లేట్లు వెలుగును వెనక్కి కొట్టే రకం. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైటు దాని మీద పడగానే ప్లేటు తెల్లటి మచ్చలా మెరిసిపోతుంది, అక్షరాలు పోతాయి. దానికి తోడు హెడ్‌లైటు. కెమెరా సెట్టింగుల్లో షట్టర్ వేగం సెకనులో 1/500 వంతుకో, ఇంకా వేగంగానో మార్చి, హెడ్‌లైటు వెలుగును అణిచే ఆప్షన్ ఆన్ చేస్తే ఇది చాలావరకు పోతుంది. చిత్రం మొత్తం చీకటిగా మారుతుంది, ప్లేటు మాత్రం కనిపిస్తుంది. ఆ చీకటి చూసి కంగారుపడి మళ్లీ మార్చేయకండి. మిగతాది చూడటానికి మూడో కెమెరా ఉంది కదా.

కెమెరాల వీడియో రికార్డయ్యే బాక్సులో హార్డ్ డిస్కు ఎంత ఉండాలో కూడా అడగండి. ఒక కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు రాస్తే రోజుకు దాదాపు 22 జీబీ అవుతుంది. మూడు కెమెరాలకు 30 రోజులంటే రెండు టీబీకి దగ్గర. ఆ సైజు మరీ బిగుతు, నాలుగు టీబీ తీసుకోండి, నిఘా కెమెరాల కోసం తయారైన డిస్కే తీసుకోండి. 30 రోజులన్నది ఊరికే చెప్పింది కాదు. మన రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ఒకటి ఉంది. ఒకేసారి వంద మంది, లేదా రోజుకు ఐదు వందల మంది వచ్చిపోయే వాణిజ్య స్థలాలు కెమెరాలు పెట్టి, 30 రోజుల రికార్డింగు ఉంచి, పోలీసులు అడిగితే ఇవ్వాలని అందులో ఉంది. ఆరు షాపులకు కలిపి మీ కాంప్లెక్సు ఆ లెక్కలోకి రావచ్చు, రాకపోయినా ఆ గడువు మంచిదే. సోమవారం తెల్లవారుజామున పడిన సంచి గురించి మీకు పది రోజుల తర్వాత తెలిసినా వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

బాక్సును వాచ్‌మన్ గదిలో బల్ల మీద పెట్టకండి. తాళం వేసే ఇనుప పెట్టెలో, గాలి ఆడేలా, ఎండాకాలం షట్టర్ మూసిన షాపులో ఉడికిపోకుండా చూసుకోండి. కరెంటు పోతే బాక్సుకూ, రౌటరుకూ ఇన్వర్టర్ కనెక్షన్ ఉండాలి. కరెంటు పోయిన చీకట్లోనే బండ్లు వస్తాయి. గడియారం సరిగ్గా ఉందో లేదో నెలకొకసారి చూడండి. వీడియోలో టైము రెండు గంటలు తేడాగా ఉంటే అవతలివాడు ఆ సమయానికి నేను తెనాలిలో ఉన్నానంటాడు, మీ దగ్గర జవాబు ఉండదు. బాక్సుతో వచ్చిన పాస్‌వర్డు మార్చేయండి. 2025 ఏప్రిల్ నుంచి కెమెరాల తయారీదారులకు కేంద్రం కొత్త భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. పాత స్టాకు అంటగట్టకుండా మోడల్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. లెన్సు మీద పేరుకునే మిర్చి దుమ్ము, సాలెగూడు వారానికొకసారి మెత్తటి గుడ్డతో తుడిపించండి. తొలకరి వానలకు ఉసిళ్లు లైటు చుట్టూ మూగితే మీ ఫోన్‌కు రాత్రంతా అలర్టులు వస్తాయి. అందుకే అలర్టు మనిషినీ, బండినీ గుర్తుపట్టే రకంగా, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే వచ్చేలా పెట్టించుకోండి. సైరన్ మోగే కెమెరాలు కూడా వస్తున్నాయి. కుక్కలు తిరిగే సందులో అవి మీకే శత్రువులవుతాయి, చుట్టుపక్కలవాళ్లు మళ్లీ మీ మీదికే వస్తారు. ఉత్తుత్తి డమ్మీ కెమెరాల జోలికి అసలు పోవద్దు.

ఒక జాగ్రత్త. పక్కవాళ్ల కిటికీలు, మేడ మీద బట్టలారేసుకునే చోటు కెమెరాలో పడితే ఆ భాగాన్ని నల్లగా మూసేసే సెట్టింగు ఉంటుంది, వేయించండి. మొదటి రోజే వాళ్లను పిలిచి ఫోన్‌లో చూపిస్తే అనుమానం ఉండదు. సందు మొదట్లో పెద్ద తెలుగు అక్షరాలతో, లైటు పడే చోట, కెమెరాలు ఉన్నాయని బోర్డు పెట్టండి. రహస్యంగా పెట్టి పట్టుకుందామన్న సరదా వద్దు. మనకు కావలసింది వాళ్లు రాకుండా పోవడం.

దొరికాక ఏం చేయాలి? మొదటిసారి దొరికినవాళ్లను వెళ్లి కలవండి. పనివాడిని పట్టుకుని లాభం లేదు, యజమానిని కలవండి. ఒక్కరే వెళ్లకుండా మెడికల్ షాపు అతన్ని కూడా తీసుకెళ్లండి. ఖాళీ చేస్తానన్న మనిషికి మీరు కదిలారని తెలుస్తుంది. ఫోన్‌లో వీడియో చూపించి, "మీ కుర్రాడికి తెలియక పోసినట్టున్నాడు, ఇకనుంచి బండికి ఇప్పించండి" అంటే చాలు. పదిమందిలో ఎక్కువమంది ఇక్కడితో ఆగిపోతారు. వీధిలో రోజూ మొహాలు చూసుకోవాల్సినవాళ్లు కదా.

రెండోసారీ వచ్చినవాళ్ల సంగతి కాగితం మీదికి ఎక్కాలి. వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ ఉంటారు, వాళ్లపైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. తేదీ, సమయం, బండి నంబరు, రెండు ఫొటోలతో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. చెత్తను వీధిలో, కాలువలో, ఖాళీ చోట్ల పడేయకూడదనీ, తగలబెట్టకూడదనీ ఘన వ్యర్థాల నిబంధనల్లో 2016 నుంచీ ఉంది. జరిమానా వేసే అధికారం కార్పొరేషన్‌ది. ఇన్నాళ్లూ వాళ్లు మిమ్మల్ని వేలెత్తి చూపడానికి కారణం పోసినవాడు ఎవరో తెలియకపోవడం. పేరు, నంబరు చేతికిస్తే వాళ్లకూ పని సులువు. కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం మళ్లీ ఇవ్వండి, పాత రసీదు జతచేసి.

పోలీసుల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నలుగురికీ ఇబ్బంది కలిగించడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 292 కింద నేరమే, శిక్ష వెయ్యి రూపాయల దాకా జరిమానా. పోలీసులు నేరుగా కేసు కట్టి అరెస్టు చేసే రకం నేరం కాదది. గేటు విరగ్గొట్టి, కంచె తెంచి లోపలికి వచ్చి పోస్తే మాట వేరు, అప్పుడు స్టేషన్‌కు వెళ్లండి. ఫలానా హోటల్ రోజూ ఇదే పని చేస్తోందని తేలితే, పౌర సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చింది) సెక్షన్ 152 కింద ఆ ఇబ్బందిని తొలగించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వొచ్చు. ఆర్డీఓ ఆఫీసులో అడిగితే చెబుతారు. బండి యజమాని పేరు మీరే ఆరా తీసి ఇంటికి వెళ్లకండి, నంబరు అధికారులకు ఇవ్వండి.

వీడియోను జాగ్రత్త చేయడంలోనూ పద్ధతి ఉంది. బాక్సులో ఉన్నదాన్ని ఫోన్‌తో షూట్ చేసి వాట్సాప్‌లో పంపితే అది సాక్ష్యంగా నిలబడటం కష్టం. అసలు ఫైలునే పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. కోర్టుదాకా వెళితే సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ రికార్డింగు ఏ యంత్రం నుంచి వచ్చిందో చెప్పే సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలో 65బి అని ఉండేది ఇదే, అది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. చెత్త గొడవ కోర్టుదాకా పోవడం అరుదు, కానీ ఫైలు చెరిగిపోయాక బాధపడి లాభం లేదు.

మీ తమ్ముడి మాట వినొద్దు. గ్రూపులో పెట్టిన వీడియో గంటలో ఊరంతా తిరుగుతుంది. కుర్రాడు పద్నాలుగేళ్లవాడైతే? సంచి పోసింది వేరే మనిషి, కెమెరాలో పడింది సందులో పక్కకు వెళ్లిన దారినపోయేవాడైతే? పరువు నష్టం అంటూ నోటీసు మీకే వస్తుంది, నేరం చేసినవాడు బాధితుడైపోతాడు. గ్రూపులో పెట్టాలనుకుంటే ఊడ్చి శుభ్రం చేసిన సందు ఫొటో పెట్టి, కెమెరాలు పెట్టామని రాయండి. పోసేవాళ్లలో కొందరు ఆ గ్రూపులోనే ఉంటారు.

వాచ్‌మన్‌కు గట్టిగా చెప్పండి, మళ్లీ నిప్పు పెట్టొద్దని. బయట చెత్త తగలబెడితే ఐదు వేలు, పెద్ద మొత్తంలో అయితే పాతిక వేలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. చెత్త ఎవరు పోశారన్నది పక్కకు పోయి, కాల్చింది మీ మనిషే అవుతాడు. ఇకపై మీ కెమెరాల్లోనే అది రికార్డవుతుంది కూడా.

ఇదంతా చేసినా చెత్త కొన్నాళ్లు పక్క సందులోకి జరగొచ్చు. అప్పుడు ఆ పక్క కాంప్లెక్సు వాళ్లు మీ దగ్గరికే వస్తారు, కెమెరా ఎవరు బిగించారని అడగడానికి. ఇద్దరూ కలిసి రోడ్డు మూలకు ఒక ఇరుకు చూపు కెమెరా పెట్టుకుంటే ఖర్చు సగం, రెండు సందులకూ పనికొస్తుంది.

ఇక కొటేషన్ ఇచ్చిన అతన్ని మళ్లీ పిలవండి. మూడు కెమెరాలు, అందులో రెండు 12 మిల్లీమీటర్ల లెన్సువి లేదా లెన్సు దూరం మార్చుకునే రకానివి, నాలుగు టీబీ డిస్కు, సెన్సర్ లైట్లు రెండు, ఇంత అని కొత్తగా రాయించుకోండి. అడ్వాన్సు సగం ఇవ్వండి. బిగించాక రాత్రి పదింటికి వాచ్‌మన్‌ను హెడ్‌లైటు వేసుకుని సందులోకి స్కూటర్ మీద రమ్మనండి. రికార్డింగులో ఆ నంబరు మీరు కళ్లద్దాలు పెట్టుకుని చదవగలిగితేనే మిగతా సగం చేతికివ్వండి.